పదహారుకు పదహారు

జూలై ఎనిమిదో తేదీ, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు నాకు భయం పట్టుకుంది. సమయం ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, నోటుబుక్కులో ప్రతి పాఠం పక్కనా మొదలైన సమయం, ముగిసిన సమయం రాసుకోవడం నా అలవాటు. ఆ రోజు పేజీలో 10.20 దగ్గర ఒక ప్రశ్న రాసుకుని, దాని కింద రెండు గీతలు కొట్టుకున్నాను. "పేరు తీసేస్తే చప్పుడు ఉండదా?"

నాకు డెబ్బై ఒకటో ఏడు. ఉయ్యూరుకు దగ్గర్లోని ఒక ఊరి హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఏడాదిన్నరగా కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్నాను. నేర్పేది మా చెల్లెలి కూతురు, నేను మా అమ్మాయి అనే అంటాను. విజయవాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అదే సబ్జెక్టు చెబుతుంది. మంగళవారం పొద్దున దానికి క్లాసులుండవు. నేను ఎనిమిదింటి బస్సెక్కి, బందరు రోడ్డు మీద ఆటోనగర్ దాటాక దిగి, వాళ్ల మేడమీద గదికి చేరతాను. ముందు కాఫీ ఇస్తుంది, తరవాత తప్పులు పట్టుకుంటుంది.

"పెద్దమ్మా, ముప్పై నాలుగేళ్లు పిల్లల్ని బెంచీలెక్కించావు. ఇప్పుడు నీ వంతు. చేతులు కట్టుకో," అంటుంది.

ఈ జూన్ నుంచి నేర్చుకుంటున్నది కాలక్షేపానికి కాదు. మా ఊరి చివర డ్రెయిను కట్ట వెంబడి పదిహేడు ఇళ్లున్నాయి. అన్నీ మా చర్చికి వచ్చే కుటుంబాలవే. పైన వానలు పడి, కింద నీళ్లు దిగక డ్రెయిను వెనక్కి తన్నిందంటే ఆ ఇళ్లలోకి నీళ్లొస్తాయి. పదిహేడో ఇల్లు అన్నిటికన్నా పల్లంలో, చెరకు తోట మలుపుకు అవతల ఒంటరిగా ఉంటుంది. అందులో ముగ్గురు. ఆయన చెరకు నరికే కూలీ. ఆవిడ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని ఊరందరికీ జాకెట్లు కుడుతుంది. పిల్లలు లేరు. ఆయన తల్లికి పక్షవాతం వచ్చి మూడేళ్లయింది, మంచం దిగలేదు.

జూన్‌లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన నా దగ్గరికొచ్చాడు.

"టీచర్ గారూ, కంప్యూటర్ నేర్చుకుంటన్నారంటగా. నీళ్లొచ్చే ముందు చెప్పేదేమన్నా ఉందేమో చూడండి. గంట ముందు తెలిస్తే చాలండీ. నేను తోటలో ఉంటా, ఇదొక్కతే ఇంట్లో ఉంటది. అమ్మని ఎట్టా లేపుద్ది?"

ఆవిడ వెనక నుంచి అందుకుంది. "నేనొక్కదాన్నే ఎత్తుతా. మీ అమ్మ పిట్టంత ఉంది. బరువంతా మీ భయానిదే."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. గంట ముందు అన్న మాట నోటుబుక్కులో రాసుకున్నాను. తరవాత జరిగినదంతా ఆ గంట కోసమే.

ఇది మా అమ్మాయికి చెప్పాను. అయితే డిజైన్ ప్యాటర్న్‌లు మొదలుపెట్టే సమయం వచ్చిందంది.

మొదట ఆబ్జెక్ట్ అంటే ఏమిటో మళ్లీ అప్పజెప్పించింది. పోస్టాఫీసు కౌంటరు లాంటిది ఆబ్జెక్ట్. లోపల ఏ సొరుగులో ఏముందో మనకు తెలియదు, తెలియక్కర్లేదు. ఉత్తరం ఇస్తాం, రసీదు తీసుకుంటాం. తన సమాచారాన్ని తన దగ్గరే దాచుకుని, అడిగిన పని మాత్రం చేసిపెడుతుంది. పెద్ద ప్రోగ్రాము అంటే ఇలాంటి కౌంటర్లు కొన్ని వందలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం. చిక్కులన్నీ ఆ మాటల దగ్గరే వస్తాయి. ఎవరు ఎవరిని పిలవాలి, ఎవరికి ఎవరి సంగతి ఎంత తెలియాలి, ఒకదాన్ని మార్చితే ఇంకెన్ని మార్చాల్సి వస్తుంది. ఈ చిక్కులు ఎవరికీ కొత్త కావు. బ్యాంకుకు రాసినా, ఆస్పత్రికి రాసినా అవే తిరిగి తిరిగి వస్తాయి. అందుకని చాలామంది చాలా ఏళ్లు తంటాలు పడి, ఫలానా చిక్కు వస్తే పనిని ఇలా పంచితే నిలబడుతోందని తేల్చుకుని, ఒక్కో పద్ధతికి ఒక్కో పేరు పెట్టుకున్నారు. ఆ పద్ధతులే డిజైన్ ప్యాటర్న్‌లు.

"ఎత్తి అతికించుకోవడానికి అది కోడ్ కాదు పెద్దమ్మా. లెక్కల సూత్రం కూడా కాదు. సూత్రంలో అంకెలు వేస్తే జవాబు వస్తుంది. ఇందులో ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో నువ్వే చూసుకోవాలి."

మొదటిది సింగిల్టన్. ప్రోగ్రాము మొత్తంలో ఒక రకం వస్తువు ఒక్కటే ఉండాలి, ఎవరడిగినా అదే చేతికి రావాలి, రెండోది పుట్టకూడదు. ఇది నాకు చెప్పకుండానే అర్థమైంది. మా సంఘపు పుస్తకం అలాంటిదే. కుటుంబ యజమాని పేరు, ఇంట్లోవాళ్ల పేర్లు, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, మరణాలు అన్నీ ఆ ఒక్క పుస్తకంలోనే ఉంటాయి. ఇరవై ఆరేళ్లుగా అది నా చేతిలో ఉంది. రెండో ప్రతి లేదు. ఎవరైనా చనిపోతే మూడో రోజు ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక అయ్యాక, ఆ పేరు మీద స్కేలుతో ఎర్రసిరా గీత కొట్టి, పక్కన "ప్రభువునందు నిద్రించారు" అని తేదీ వేస్తాను. మూడో రోజు దాటనివ్వను. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా దాటలేదు. ఈ మాట ఆ రోజు మా అమ్మాయితో గర్వంగానే చెప్పాను.

రెండోది అబ్జర్వర్. నాకు కావలసింది ఇదే.

"కాలువలో నీటి మట్టం ఒక ఆబ్జెక్ట్ అనుకో," అంది బోర్డు మీద గుండ్రం గీసి. "దాని దగ్గర ఒక జాబితా ఉంటుంది. కబురు కావాలనుకున్నవాళ్లు అందులో చేరతారు. మట్టం పెరిగిందంటే జాబితాలో ఉన్న అందరికీ కబురు వెళ్తుంది. వద్దనుకున్నవాళ్ల పేరు తీసేస్తాం. చేర్చడం, తీయడం, చెప్పడం. మూడే పనులు. కాలువకు వాళ్లెవరో తెలియదు. వాళ్లలో ఒకరి సంగతి ఒకరికి తెలియదు. తెలియక్కర్లేదు. అదే దీని అందం."

"పేరు తీసేశాక నీళ్లొస్తే?"

"కబురు వెళ్లదు."

"వెళ్లలేదని నాకు తెలుస్తుందా?"

"ఎందుకు తెలుస్తుంది? జాబితాలో లేనివాళ్లకు పంపకపోవడం తప్పు కాదుగా పెద్దమ్మా. ఎర్రర్ రాదు. ఏ చప్పుడూ ఉండదు."

అప్పుడు గడియారం చూశాను. పది ఇరవై. క్లాసులో హాజరు పిలిచేటప్పుడు రాని పిల్లవాడి పేరు దగ్గర ఒక క్షణం నిశ్శబ్దం వస్తుంది. టీచరు తలెత్తి చూస్తుంది. పేరు కొట్టేసిన పిల్లవాడి దగ్గర ఆ నిశ్శబ్దం కూడా ఉండదు. తరవాతి పేరు పిలిచేస్తాం. అలా పిలవకుండా దాటిపోయిన పేరు ఒకటి నీళ్లలో నిలబడి ఉన్నట్టు నాకు తోచింది. వేళ్ల కొసలు చల్లబడ్డాయి. కాఫీ చల్లారిపోయిందని మా అమ్మాయి మళ్లీ వేడిచేసి తెచ్చింది.

డ్రెయిను మీద మా ఇళ్లకు ఎగువన ఒక వంతెన ఉంది. అక్కడ నిలువుగా ఒక గొట్టం పెట్టి, లోపల తేలే బుంగ అమర్చి, నీళ్లు ఒక గుర్తు దాటగానే మా ఇంట్లో కంప్యూటర్‌కు తెలిసేలా చేయాలి. ఆ గొట్టం పని కోసం ఆటోనగర్లో లేతు షెడ్డు నడిపే ఒక సాయిబు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కూతురు ఒకప్పుడు మా అమ్మాయి దగ్గర చదువుకుంది. బుంగ కడ్డీ మరలు ఒక కొలత, కంప్యూటర్‌కు కబురు పంపే సిమ్ కార్డు పెట్టె మరలు ఇంకో కొలత. రెండూ కలవవు. ఆయన రెండిటినీ ఒకసారి చూసి, ఒక ఇనుప ముక్కను లేతుకు బిగించి, లోపల ఒక కొలత, బయట ఒక కొలత మరలు తీసి బుష్ చేసిచ్చాడు. ఇటు కడ్డీ మారలేదు, అటు పెట్టె మారలేదు.

"దీన్ని మా పాఠంలో అడాప్టర్ ప్యాటర్న్ అంటారండీ," అన్నాను. కలవని రెండిటి మధ్య మూడోదాన్ని పెట్టడం ఆ వారమే చదివాను.

ఆయన లేతు ఆపి నా వైపు చూశాడు. "దీనిక్కూడా పేరు పెట్టి పరీక్షలు రాపిస్తన్నారా మేడమ్ గారూ? ముప్పై ఏళ్ల నుంచి చేస్తన్నా, నాకెవరూ సర్టిఫికెట్ ఇవ్వలా." తరవాత బుష్ గుడ్డతో తుడిచి నా చేతిలో పెడుతూ అన్నాడు. "ఇది తుప్పు పట్టదు. కానీ పెట్టి మర్చిపోకండి. పనిచేసే వస్తువునే మనుషులు మర్చిపోతారు. రోజూ మొరాయించే దాన్ని ఎవరూ మర్చిపోరు."

జూలై ముప్పై ఒకటి, గురువారం, గొట్టం నిలబెట్టాం. జాబితా నేనే తయారుచేశాను. సంఘపు పుస్తకం ముందు పెట్టుకుని, పదిహేడు ఇళ్లకు పదిహేడు మంది యజమానుల పేర్లు, వాళ్ల ఫోను నంబర్లు ఎక్కించాను. పదిహేడో పేరు ఆ చెరకు కూలీది. తోటలో ఎక్కడో పడిపోతుందని ఆయన ఫోను ఎప్పుడూ ఇంట్లోనే పెట్టి వెళ్తాడు. అది వాడేది ఆవిడే. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా పుస్తకంలో ఎవరి పేరు మొదట ఉంటే వాళ్ల పేరే రాశాను.

నెలకోసారి, మొదటి సోమవారం, ఒట్టి పరీక్ష మెసేజ్ పంపాలని పెట్టుకున్నాను. అందినవాళ్లు అందిందని జవాబివ్వాలి. ఆగస్టు నాలుగున పంపాను. ఇరవై రెండు నిమిషాల్లో పదిహేడు జవాబులూ వచ్చాయి. పదిహేడోది రాత కాదు, మాట. కూలీకి ఆ రోజు పని లేక ఇంట్లోనే ఉన్నాడు. టైపు చేయడం రాక నొక్కి మాట్లాడాడు. "అందిందండీ టీచర్ గారూ. మా అమ్మ కూడా ఇన్నది. ఇంక భయం లేదంటంది." వెనక మేక అరిచింది. ఆరు సెకన్లు.

వాళ్ల భయం పోయి నాకు వచ్చినట్టయింది. రోజుకు మూడుసార్లు జాబితా తెరిచి పేర్లు లెక్కపెట్టేదాన్ని. పొద్దున పాలు కాచేటప్పుడు, భోజనం ముందు, దీపాలు పెట్టే వేళ. పదిహేడు. మబ్బు కమ్మితే నాలుగోసారి. కరెంటు పోతే ఇన్వర్టరు ఎంతసేపు ఆగుతుందో చూడ్డానికి ఒక మధ్యాహ్నమంతా ఫ్యాను లేకుండా కూర్చున్నాను. ఇవన్నీ చూసి మా అమ్మాయి ఫోనులో కోప్పడింది.

"నువ్వు ప్రోగ్రాము రాసింది నీళ్ల కబురు చెప్పడానికా, పెద్దమ్మా, బీపీ పెంచుకోవడానికా?"

ఆగస్టు రెండో వారంలో కూలీకి జ్వరం వచ్చింది. ముందు ఊరి మందులు, తరవాత ఉయ్యూరు ఆస్పత్రి. ఇరవయ్యో తేదీ, బుధవారం, పొద్దున చనిపోయాడు. నలభై నాలుగేళ్లు. పాస్టరు గారు ఆ సాయంత్రమే సమాధి చేయించారు.

ఇరవై రెండు, శుక్రవారం, మూడో రోజు. ఆదరణ కూడిక వాళ్ల ఇంట్లోనే జరిగింది. ముసలావిడ మంచం మీద నుంచి కొడుకు కోసం అందరినీ అడుగుతోంది, ఎవరూ చెప్పలేకపోతున్నారు. నేను ఇంటికొచ్చి సంఘపు పుస్తకం తీశాను. స్కేలు పెట్టి ఎర్రగీత కొట్టి, తేదీ వేశాను. సిరా ఆరేదాకా ఆగాను. తరవాత కంప్యూటర్ తెరిచి, అదే పేరు జాబితాలో వెతికి, తీసే పని నడిపాను. ఒక చనిపోయినాయన పేరు మీద నీళ్లొస్తున్నాయని కబురు పంపడం అపచారమనిపించింది. మూడో రోజు దాటనివ్వకూడదని కూడా ఉంది. అంతకు మించి నేనేమీ ఆలోచించలేదు. నోటుబుక్కులో రాసుకున్నాను: జాబితాలో పదహారు.

జూలై ఎనిమిదిన కింద రెండు గీతలు కొట్టుకున్న ప్రశ్న అదే నోటుబుక్కులో ఉంది. పేజీ తిప్పి చూడలేదు.

సెప్టెంబరు ఒకటి, మొదటి సోమవారం, పరీక్ష మెసేజ్. పద్దెనిమిది నిమిషాల్లో జవాబులన్నీ వచ్చాయి. పదహారుకు పదహారు. లెక్క సరిపోయింది. లెక్కల టీచరుకు లెక్క సరిపోయాక ఇంకేం కావాలి? జాబితాను జాబితాతోనే సరిచూసుకుంటున్నానని నాకు తట్టలేదు. పిల్లలు జవాబును చివరి పేజీలో చూసి రాసి, మళ్లీ చివరి పేజీతోనే సరిచూసుకుంటే చెవులు మెలిపెట్టేదాన్ని.

సెప్టెంబరు పద్దెనిమిది, గురువారం. మంగళవారం నుంచి వాన ఆగలేదు. మధ్యాహ్నం ఒంటి గంటా యాభై నిమిషాలకు కంప్యూటర్ మోగింది. డ్రెయిను వంతెన దగ్గర గుర్తు దాటింది. మెసేజ్ దానంతటదే వెళ్లింది: నీళ్లొస్తున్నాయి, మనుషుల్ని, సామాన్లను తీసుకుని స్కూలుకు రండి. కుర్చీ బల్లకు జరుపుకుని కూర్చుని జవాబులకు టిక్కులు పెట్టాను. ఒకటి. నాలుగు. ఏడు. తొమ్మిది దగ్గర రెండు నిమిషాలు ఆగింది.  రెండు గంటల నాలుగు నిమిషాలకు పదహారోది వచ్చింది. పదహారుకు పదహారు అని రాసి, కింద గీత గీసి, వరండాలోకి వచ్చాను. మా ఇల్లు రోడ్డు మీద, మెరకలో ఉంటుంది. వానలో బియ్యం మూటలు, టీవీలు, కోళ్ల గంపలు నెత్తిన పెట్టుకుని మనుషులు స్కూలు వైపు పోతున్నారు. ఒకావిడ నా వైపు చెయ్యెత్తి, "మీ కంప్యూటర్ చల్లగుండాల టీచర్ గారో!" అని అరిచింది.

వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకున్నాను. రెండూ నాలుగు నుంచి రెండూ నలభై ఏడు దాకా నేను భయపడలేదు. జూలై ఎనిమిది తరవాత నేను భయపడకుండా ఉన్నది ఆ నలభై మూడు నిమిషాలే.

రెండూ నలభై ఏడుకు గేటు చప్పుడైంది. చెరకు కూలీ భార్య. చీర నిలువునా తడిసి, మోకాళ్ల దాకా బురద పట్టి ఉంది. వీపు మీద అత్తగారు. ముసలావిడ పని చేసే ఒక చేత్తో కోడలి మెడ చుట్టూ పట్టుకుంది, రెండో చెయ్యి వేలాడుతోంది. అత్తగారిని వరండా మంచం మీద దించాం. ముసలావిడ పెదవులు నీలంగా ఉన్నాయి. దుప్పటి కప్పి అరికాళ్లు రుద్దుతూ నేను అన్నాను:

"ఇప్పుడా అమ్మా వచ్చేది? మెసేజ్ వచ్చి గంట కావస్తోంది కదా."

"ఏ మెసేజ్ అండీ?"

ఆవిడ ముఖంలో కోపం లేదు. నిజంగానే అడిగింది.

"మిషను కుట్టుకుంటన్నా. వానకి ఏం ఇనపడలా. కాలికి తడి తగిలితే గిన్నెలో నీళ్లు ఒలికినయ్యనుకున్నా. చూస్తే గడప దాటినయ్. మేకల్ని ఇప్పుదామని పోయేసరికి మోకాళ్లదాకా వచ్చినయ్. ఇంక అత్తని ఎత్తుకుని వచ్చేశా."

నా చేతులు ముసలావిడ కాళ్ల మీదే ఆగిపోయాయి. పదిహేడు. ఆ అంకె నా లోపల ఎవరో పిలిచినట్టు వినపడింది. తరవాత నిశ్శబ్దం. హాజరు పుస్తకంలో రావలసిన నిశ్శబ్దం నెల రోజులు ఆలస్యంగా వచ్చింది.

"పక్కవాళ్లెవరూ కేకెయ్యలేదా?" అన్నాను. 

"ఎప్పుడూ ఏసేవాళ్లండీ. మలుపు దగ్గరికొచ్చి పళ్లెం కొట్టేవాళ్లు. ఈసారి ఎవరూ రాలా."

ఎందుకు వస్తారు? కబురు అందరికీ వెళ్లిందని అందరి నమ్మకం. నా ప్రోగ్రాము రాకముందు ఒక ఇంటివాళ్లు పక్క ఇంటికి, వాళ్లు ఆ పక్క ఇంటికి కేకలేసుకుంటూ పోయేవాళ్లు. ఒకరి సంగతి ఒకరికి తెలియక్కర్లేకుండా నేనే చేశాను.

ఆ సాయంత్రం నేను ఆవిడకు ఏమీ చెప్పలేదు. ఆవిడకు పొడి చీర ఇచ్చాను, ముసలావిడకు జావ కాచాను. సిగ్నల్ సరిగ్గా లేదేమోనని ఆవిడే అంటే, అయ్యుండొచ్చు అన్నాను. అది అబద్ధం. సెప్టెంబరు పద్దెనిమిది, సాయంత్రం ఐదున్నర.

మా అమ్మాయికి మాత్రం ఫోను చేసి చెప్పాను. 

"పెద్దమ్మా, ప్రోగ్రాము తప్పు చేయలేదు. చెప్పిందే చేసింది," అంది.

"నా భయం అదే," అన్నాను.

"ఆవిడకు చెప్పావా?"

"ముసలావిడ చచ్చిపోయుంటే నేనేం చెప్పేదాన్ని?"

"బతికుందిగా. బతికుండగానే చెప్పు."

మూడు రోజులు చెప్పలేకపోయాను. నీళ్లు మెల్లగా తీస్తూ శనివారానికి పూర్తిగా పోయాయి. ఆవిడ పొద్దున వెళ్లి ఇల్లు కడుక్కుని, సాయంత్రం మా ఇంటికి అత్తగారి దగ్గరికి వచ్చేది. గేటు చప్పుడైతే చాలు, నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఆవిడ నాకు కృతజ్ఞత చెప్పిన ప్రతిసారీ ఏదో పని ఉన్నట్టు లేచేదాన్ని. శనివారం నేనొక్కదాన్నే వాళ్ల గుమ్మం దగ్గర్నుంచి మా వరండా దాకా నడిచి అడుగులు లెక్కపెట్టాను. ఏడు వందల నలభై. అందులో రెండు వందల పది మోకాలి లోతు నీళ్లలో నడిచి ఉంటుంది, మనిషిని మోస్తూ. మలుపు దగ్గర కట్ట పక్కన నిలువెత్తు గొయ్యి ఉంది. నీళ్లలో అది కనపడదు. అక్కడ నిలబడి చాలాసేపు దాన్ని చూశాను.

ఇరవై ఒకటి, ఆదివారం, ఆరాధన అయ్యాక, వరండాలో ఆవిడ అత్తగారికి తల దువ్వుతుంటే చెప్పాను. సంఘపు పుస్తకం తెచ్చి ఎర్రగీత చూపించాను. ఈ గీత కొట్టిన రోజే కంప్యూటర్ జాబితాలోనూ కొట్టేశానని, మీ ఇంటికి కబురు రాకుండా చేసింది నేనేనని, గురువారం నీతో చెప్పింది అబద్ధమని చెప్పాను. నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని భయం.

ఆవిడ దువ్వెన ఆపలేదు.

"ఈ నెల మొదటి సోమవారం మెసేజ్ కూడా రాలేదండీ. పక్కింటావిడ నాకొచ్చింది నాకొచ్చింది అంటంటే చూశా. ఆయన పోయాక ఆ ఫోనుకి ఎవరూ చెయ్యట్లేదు గదా, మీరూ మానేశారనుకున్నా."

నేను పుస్తకం మూసేశాను.

"అడగొచ్చు కదమ్మా."

"ఏమని అడుగుతామండీ?"

తరవాత తనే చెప్పింది. ఫోను మిషను బల్ల మీద ఛార్జింగుకు పెట్టి ఉంది. అత్తగారిని ఎత్తుకున్నాక చేతులు ఖాళీ లేవు. గంట ముందు తెలిసుంటే మొదట అదే తీసి రవికలో పెట్టుకునేదాన్నంది. జ్వరంలో పడుకుని, ఆవిడ కుడుతుంటే, ఆయన అందులో తన మాటలు రికార్డు చేశాడట. జాకెట్టు చేతులు ఒకటి పొడుగు ఒకటి పొట్టి కుడతావని, నువ్వు కుట్టిన చొక్కా వేసుకుంటే చెరకు గడలు కూడా నవ్వుతాయని. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. రోజూ అన్నం తిన్నాక వినేదట. బల్ల పడిపోయి ఫోను బురదలో రెండు రోజులుంది. ఉయ్యూరులో రిపేరు షాపతను తెరిచి చూసి, లోపల ఏమీ మిగల్లేదని తిరిగిచ్చేశాడు.

నా దగ్గర ఆయన గొంతు ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఆగస్టు నాలుగు, ఆరు సెకన్లు. తీసి వినిపించాను. "అందిందండీ టీచర్ గారూ." మేక అరిచింది. ముసలావిడ తలెత్తి గేటు వైపు చూసింది. కోడలు మూడుసార్లు వింది. తరవాత ఫోను నా చేతికి తిరిగిచ్చింది.

"ఇది మీతో మాట్లాడిందండీ. నాతో మాట్లాడింది పోయింది."

మళ్లీ దువ్వెన తీసుకుంది. నన్ను తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. నేను అడగలేదు.

తరవాతి మంగళవారం విజయవాడ వెళ్లి ప్రోగ్రాము మార్చుకుని వచ్చాను. జాబితాలో ఇప్పుడు మనుషుల పేర్లు లేవు, గుమ్మాలున్నాయి. ఒకటి నుంచి పదిహేడు. ఒక్కో గుమ్మానికి ఎన్ని ఫోన్లయినా ఉండొచ్చు. తీసే పని నేనొక్కదాన్నే చేయలేను, ఆ ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. జవాబులను సరిచూసేది జాబితాతో కాదు, కట్ట మీద నడిచి లెక్కపెట్టిన ఇళ్లతో. ఇంకొకటి కూడా పెట్టాను. మెసేజ్ అందినవాళ్లు పక్క ఇంటికి వెళ్లి కేకేశామని జవాబిస్తేనే వాళ్ల గుమ్మానికి టిక్కు పడుతుంది.

"ఇది ప్యాటర్న్‌కు విరుద్ధం పెద్దమ్మా. ఒకదానికొకటి ముడిపడిపోతాయి," అంది మా అమ్మాయి.

"పడనీ," అన్నాను.

పదిహేడో గుమ్మానికి ఇప్పుడు కొత్త నంబరు ఉంది, ఆవిడ పేరు మీదే. అయినా మబ్బు కమ్మితే ఇప్పటికీ నా వేళ్లు చల్లబడతాయి. ఒకటి నుంచి లెక్కపెడతాను, పదిహేడు దగ్గర ఆగి, ఆ ఇంటికి ఫోను చేస్తాను. ఆవిడ ఎత్తి, "ఉన్నామండీ," అంటుంది.

సెప్టెంబరు పద్దెనిమిదిన పదిహేడో ఇంట్లో పోయినవి ఆవిడ చెబుతుంటే నేను రాసుకున్నాను:

మేకలు, రెండు.
కోళ్లు, ఐదు.
బియ్యం, ముప్పై కిలోలు.
కుట్టుమిషను మోటారు, ఒకటి.
కుట్టవలసిన జాకెట్ బట్టలు, పదకొండు.
ఆయన చొక్కాలు, మూడు.
ముందుగా తెలియవలసిన సమయం, 1.50 నుంచి నీళ్లు గడప దాటిన 2.35 దాకా, నలభై ఐదు నిమిషాలు.
ఫోను, ఒకటి. అందులో ఆయన గొంతు, నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.